జాకెట్ల టేపు

పడవ కొలవడానికి అమ్మ జాకెట్ల టేపు తెచ్చింది.
అరవై అంగుళాలది. మొదట్లో రెండంగుళాలు
మిషను చక్రంలో పడి తెగిపోయాయి ఎప్పుడో.
మూడు దగ్గర మొదలవుతుంది మా ఇంటి లెక్క.

బందరువానిపేట నుంచి ఆటోలో ఐదుగురం,
బాబాయి డ్రైవరు పక్కన, తమ్ముడు గురయ్య నా ఒళ్లో.
భావనపాడు ఇసక మీద మూడు పడవలు,
మూడూ వేరేవాళ్ల చెమటకి నునుపుదేలినవి.

నాన్న ముందు పెద్దదాని దగ్గరికే పోయాడు.
నీలం రంగు. ఆరు టేపులూ రెండడుగులూ.
"ముప్పై రెండు!" అన్నాడు లాటరీ తగిలినట్టు.
ముక్కు దగ్గర ఎక్కి నిలబడి
సముద్రం వైపు కాదు, మా వైపు చూశాడు.
"గుంటలు ఎదుగుతారు కదేటే. రేపటికి సరిపోవాల."

అమ్మ టేపు వేలికి చుట్టుకుంటూ అంది:
"జాకెట్టయితే లోపల గుడ్డ ఒదుల్తాను,
ఎదిగినప్పుడు కుట్టిప్పుతాను.
పడవకి కుట్టిప్పుతావేటి?
ఎదిగీదాకా ఆ ఒదులంతా ఎవులు మోస్తారు?"

రెండోది చిన్నది. నాలుగు టేపులు నిండలేదు.
నాన్న కూచుంటే మోకాళ్లు గడ్డానికొచ్చాయి.
"వలెక్కితే మనిషి దిగాల,
మనిషెక్కితే సేప దిగాల," అని బాబాయి నవ్వాడు.

ఆగస్టు రాగానే బాబాయి వెరావల్ పోతాడు.
అడ్వాన్సు తీసేసుకున్నాడు.
నాన్న ఈసారి తీసుకోలేదు.
ఆ తీసుకోకపోవడం గురించే
ఈ ఆటో, ఈ ఎండ, ఈ టేపు.

అమ్మేవాళ్ల ముసలమ్మ, బోడెమ్మట,
వలల కుప్ప మీద కూచుని ఇంతసేపూ మా కొలతలు చూసి
"ఎంతమందెక్కుతారో కాదు,
ఒడ్డుకొచ్చినాక లాగీది ఎంతమంది?" అంది.

లెక్క అక్కడ ఆగింది.
నాన్న ఒకటి.
బాబాయి నాలుగు నెలలు ఒకటి, ఎనిమిది నెలలు సున్నా.
గురయ్యకి తొమ్మిదేళ్లు, తోస్తున్నాననుకుంటాడు, అంతే.
అమ్మకి నడుము.
నన్నెవరూ లెక్కపెట్టలేదు.

మూడోది పసుపు. ఐదు టేపులూ ఒకడుగు.
ముక్కు కింద అతుకు. అమ్మ గోటితో గీకి,
వేలి వెనకవైపుతో తడిమి, చెవి ఆనించి తట్టి
"లోపలికంటా వేసినారు. పైపూత కాదు," అంది.
చిరుగు కుట్టుకున్నవాళ్లని ఆమె నమ్ముతుంది.
కొత్త రంగుని నమ్మదు.

ఇంజను దింపి, దుంగలు పరిచి తోశాం.
బాబాయి చెయ్యి పడగానే జారుకుంటూ పోయింది.
"నువ్వు పక్కకి రా మరిదీ," అంది అమ్మ.
"నువ్వు నేవనుకుంటాం."
బాబాయి చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డం
అదే మొదటిసారి చూడ్డం నేను.
ఎక్కడ చూడాలో తెలియక లైట్‌హౌసేదో ఉన్నట్టు
ఖాళీ ఆకాశంలోకి చూశాడు.

నాన్న తోశాడు. కదల్లేదు.
అమ్మ కొంగు బిగించింది. కదల్లేదు.
అప్పుడు నేను భుజం పెట్టాను.
ఇసక ముందు నా పాదాల కింద జారింది,
తర్వాత పడవ కింద.
ఒక దుంగ దాటింది. ఇంకోటి.
"నేనూ, నేనూ," అని గురయ్య.
బోడెమ్మ లేచి నిలబడింది.

అంచు మీద పాత పేరుంది: రూపవతి.
చెరిపెయ్యాలా అనడిగాడు నాన్న.
బోడెమ్మ ఏమీ అనలేదు, చీరకంటిన ఇసక దులుపుకుంది.
"పేరుంటే పనికేటడ్డం," అంది అమ్మ,
జాకెట్టులోంచి తడిసిన నోట్లు తీస్తూ.

తిరుగు ఆటోలో నాన్న ఫోన్లో అందరికీ
"ఇరవయ్యారడుగులు. అవును, నేనే కొలిసినాను."
అమ్మ నా చెవి దగ్గర:
"టేపుకి రెండంగుళాలు. ఐదు టేపులకి?"
పది.
ఇద్దరం బయటికి చూస్తూ కూచున్నాం.

ఊళ్లో మా పడవ ఇప్పటికీ ఇరవయ్యారే.
పొద్దున్నే ఒడ్డుకి లాగేటప్పుడు మాత్రం
ఆ లేని పది అంగుళాల తేలిక
నా భుజానికి తెలుస్తుంది.