బటన్ సెల్లు

ముందు స్టెబిలైజరు, తర్వాత యూపీఎస్,
ఆ తర్వాతే దీని బొత్తాం.
ఒక్క బీప్ అంటే బాగున్నట్టు.
మూడంటే ర్యాము కదిలినట్టు,
ఊడదీసి, పిల్లల రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చాలి.
ఏమీ అనకపోతే ఆ రోజు బోణీ లేనట్టు.

చిక్కడపల్లిలో మెట్ల కింద దుకాణం,
షట్టరు సగమే లేస్తుంది.
వంగి లోపలికొచ్చిన ప్రతివాళ్లూ
నన్ను కాదు, దీన్ని చూసి అడుగుతారు:
"ఇదింకా నడుస్తుందా అక్కా?"

నడుస్తుంది.
కొన్నప్పుడు తెలుపు, ఇప్పుడు గంధం రంగు.
పక్క రేకు విప్పే ఉంచాను, ఎండాకాలం దీనికి ఊపిరాడదు.
వెనక ప్రింటరు రంధ్రంలో వేలెడంత తాళం,
అది కాస్త వదులైతే
నా తెలుగంతా తలకట్లూ కొమ్ములూ ఊడి
ఇంగ్లీషు ఊకలా రాలిపోతుంది.
కొత్త సిస్టాలకి ఆ రంధ్రమే పెట్టడం లేదు.

పార్క్ లేన్‌లో ముజ్తబా భాయ్
"నక్కో మేడం, మ్యూజియంకి ఇచ్చెయ్" అంటాడు.
అంటూనే పవర్ సప్లై విప్పి
ఎండిపోయిన బల్లిని పెన్సిలుతో బయటికి లాగుతాడు.
బల్లికి డబ్బులు తీసుకోడు.

మొన్న తెర నల్లగా నిలబడి
తేదీ తప్పింది, ఎఫ్-వన్ నొక్కు అంది. నొక్కాను.
మూలన గడియారం
రెండువేల రెండు, జనవరి ఒకటి, అర్ధరాత్రి దాటి రెండు నిమిషాలు.
మదర్‌బోర్డు మీది బటన్ సెల్లు చచ్చిపోతే ఇంతే,
రాత్రి మెయిన్ కట్టేస్తే చాలు,
తెల్లారి ఇది మళ్లీ పుట్టిన ఏడాదికి పోయి కూర్చుంటుంది.
సరిచేద్దామనుకున్నా.
ఈలోపు ఒకాయన వంగి లోపలికొచ్చాడు,
చేతిలో కవరు, కవర్లో ఫోటో.

"కంచర్ల పాండురంగం. మా అన్న.
పదకొండో రోజు శుక్రవారం. నూరు కార్డులు చాలు."

ఆ పేరు నా వేళ్లకి తెలుసు.
వెతికితే దొరికింది, రెండువేల ఆరు, వైశాఖం,
మాధవీలతతో, కవాడిగూడ ఫంక్షన్ హాల్లో,
విందు పన్నెండు గంటల నుండి.
పేరు మళ్లీ కొట్టడం ఎందుకని
ఆ శుభలేఖే తెరిచాను.
తోరణాలు తీశాను. వినాయకుణ్ణి తీశాను.
చి॥ చెరిపి
అదే చోట కీ॥శే॥ పెట్టాను.
ఒక అక్షరం ఎక్కువైంది, పక్కకి జరిపాను.
తమ్ముడు నా భుజం మీంచి చూస్తూ
"వదిన పేరు ఉంచండి" అన్నాడు.
ఉంచాను. కిందికి దించాను, సైజు తగ్గించాను.
వేరే పేరుతో సేవ్.

ఆయన వెళ్లాక చూశాను.
తేదీల వరుసలో
పాండురంగం కర్మ కార్డు అన్నిటికన్నా పైన,
రెండువేల రెండులో.
నాలుగేళ్ల కింద, అదే ఫోల్డర్లో, ఆయన పెళ్లి.
అంటే పోయినాయన
నాలుగు వేసవులు ఎక్కడో ఆగి,
పన్నెండింటి విందుకి
చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చినట్టు.

నవ్వొచ్చింది. ఎవరితో చెప్పను?
ప్రింటరుతోనా?

సాయంత్రం సెల్లు తెచ్చాను, ముప్పై రూపాయలు.
గోటితో పాతదాన్ని లేపి కొత్తది నొక్కితే
టిక్కుమంది.
తేదీ పెట్టాను, నెల పెట్టాను,
ఏడాది దగ్గరికొచ్చేసరికి
పైకి బాణం నొక్కీ నొక్కీ వేలు నొప్పెట్టింది,
ఇన్నేళ్లా.

ఆ ఒక్క ఫైలు మాత్రం ఇంకా అక్కడే ఉంది.
తెరిచి మళ్లీ సేవ్ కొడితే
తన చోటికి దిగిపోతుంది.
కంట్రోల్ మీద వేలు పెట్టాను.
ఎస్ దాకా పోలేదు.

బయట వాన. కరెంటు పోయింది.
యూపీఎస్ కూస్తోంది,
ఇంకో ఏడు నిమిషాలుంటుంది.