లూత్ అనే మాటకు చీటీ

డార్సెట్ కొండవాలు. ఫిబ్రవరి. గొర్రెలు ఈనే కాలం.
చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే థిర్జా సామ్‌వేస్
కోటు జేబునిండా తెల్లచీటీలతో బురదలోకి దిగింది.
దూరాన ఏ పట్నంలోనో నిఘంటువు కడుతున్నారట,
చీటీకొక మాట, మాటకొక అర్థం,
అర్థానికొక సాక్ష్యం కావాలట.

ఈవేళ్టి మాట లూత్.
ఎగువ వీధిలో ల్యూత్. ఏటికి అవతల ఒట్టి లూ.
మిల్లు దగ్గరి ముసలమ్మకు పళ్లు లేవు, ఆమె లూఫ్ అంటుంది.
వెయ్యేళ్ల కిందటి తోలుపుస్తకంలో
దీనికి ముందొక హకారం ఉండేదట,
చలిలో నోటిముందు పొగలా కాసేపు నిలిచి పోయింది.
చివరి అక్షరానికి అప్పట్లో ముల్లు అని పేరు.
లిపిలోంచి రాలిపోయింది ముల్లు,
కంచెల్లో మాత్రం ఉంది.

"అర్థం చెప్పు, జేబెజ్."
జేబెజ్ లోడర్ చెప్పలేదు.
రెండు తడికెల మధ్య ఎండుగడ్డి కుక్కి
ఈశాన్యపు గాలికి అడ్డంగా దిగ్గొడుతున్నాడు.
తడికెకు అవతల ఆమె చెవులు తెగిపోతున్నాయి.
ఇవతలికి ఒక్క అడుగు వేసింది.
ఎవరో తిడుతూ తిడుతూ
మధ్యలో ఆపేసినట్టయింది.

'చాటు' అని రాసింది.
చాటు సమాధిరాయికీ ఉంటుంది, అన్నాడు.
'వెచ్చన' అని రాసింది.
అది పొయ్యి మాట, అన్నాడు.
తల్లి చచ్చిన గొర్రెపిల్లనొకదాన్ని, ఇంకా తడిగా ఉన్నదాన్ని,
తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.
అది వణికింది, వణికింది,
గోరువెచ్చనకు ఒక మెట్టు కింద ఎక్కడో ఆగి
నిద్రపోయింది.
చీటీకి మాయ అంటింది.

పదిరోజులకు జవాబు:
వర్ణక్రమం ఒకటే నిర్ణయించండి.
ప్రయోగం లేదు, వక్త పేరు లేదు, తేదీ లేదు.
మరకపడ్డ చీటీలు పంపరాదు.

ఆ రాత్రే మళ్లీ వెళ్లింది.
కాపరి చక్రాల గుడిసె, కిటికీలో లాంతరు.
తలుపు సగం తెరిచి, గుమ్మంలోనే నిలబడి
ఉత్తరం చదవబోయింది.

"లోపలికన్నా రా, బయటికన్నా పో తల్లీ,
లూతంతా కారిపోతోంది!"

తలుపు మూసింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని
ఆ ముక్కే రాసింది, ఉన్నదున్నట్టు.
వక్త: జె. లోడర్. తేదీ వేసింది.
వర్ణక్రమం దగ్గరికొచ్చేసరికి
పెన్సిల్ మొన మొద్దుబారింది.
చెక్కుదామంటే కత్తి జేబెజ్ జేబులో ఉంది.
జేబెజ్ నిద్రపోయాడు.