జానెడు తక్కువ

ఫిబ్రవరి. కోట్కా రేవులో సముద్రం పలకలా గడ్డకట్టింది.
మునిసిపల్ గ్యాలరీ నుంచి ఇల్మా ఫోను చేసింది:
"నాలుగో గది గుమ్మానికి తెర కావాలి, తెల్లెర్వో.
మందం బట్ట. నేలకు ఆనాలి. సందు ఉండకూడదు."
కౌన్సిల్ వాళ్ళ ఉత్తరం కూడా చదివి వినిపించింది.
అందులో "పౌరుల మనోభావాలు" మూడుసార్లు వచ్చాయి.

మెడలో టేపు, చేతిలో సుద్దముక్క,
పెదాల మధ్య నాలుగు గుండుసూదులు.
గుమ్మం కొలవడానికి నిచ్చెనెక్కి
తల తిప్పానో లేదో, గది నిండా సిల్వి.

ఓయివాను నేనెరుగుదును. రేవులో క్రేను నడిపేవాడు.
పలకరిస్తే టోపీ సర్దుకునేవాడు, అదే జవాబు.
పోయాక పడవ షెడ్డులో, చేపల పెట్టె అడుగున దొరికాయట
నూట పన్నెండు కాగితాలు,
సరుకు రసీదుల వెనక, బొగ్గుతో.
అన్నిట్లోనూ ఒక్కత్తే. వాడి పెళ్ళాం.

ముప్పై ఏళ్ళ సిల్వి తొట్లో మోకాళ్ళు ముడుచుకుని.
నలభై ఐదేళ్ళ సిల్వి మంచం మీద, ఒళ్ళంతా నవ్వుతూ,
ఆమె మీద ఒక మగాడి వీపు.
తన వీపు తానెట్లా చూశాడో!
అద్దం పెట్టుకున్నాడా,
ఆమె వేళ్ళు చెబుతుంటే రాసుకున్నాడా.
చివర, తలుపు పక్కన, డెబ్భై దాటిన సిల్వి:
ఆపరేషను గాటు, మిగిలిన ఒక్క రొమ్ము,
దాని మీద ముసలి చెయ్యి,
రొట్టె ఇంకా వెచ్చగా ఉందా అని చూస్తున్నట్టు.

ఓ గుండుసూది మింగబోయి ఆగాను.

శనివారం ఆవిరిగదిలో ఆరుగురం ఆడవాళ్ళం
ఎప్పటిలాగే ఒంటిమీద నూలుపోగు లేకుండా.
రాళ్ళ మీద నీళ్ళు చుర్రుమన్నాయి.
పై బల్ల మీద కైసు. ఉత్తరం కింద మొదటి సంతకం ఆమెదే.
కడుపు మీద నాలుగు కాన్పుల చారలు, వాటి వెంట చెమట.
బర్చ్ రెమ్మలతో నా వీపు బాదుతూ అడిగింది:
"తెర ఎంతవరకొచ్చింది?
పాస్టరుగారు కూడా వస్తారట, ఏం బాగుంటుంది చెప్పు."

నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది.
కైసు అబద్ధమేం చెప్పలేదు.
ఇక్కడ అందరం బట్టలు విప్పి కూర్చుంటాం,
ఎవరమూ ఎవర్నీ చూడం.
అక్కడ ఒకడు చూశాడు.
నలభై ఏళ్ళు, చూపు మరల్చకుండా.
దానికే ఈ తెర.

మా ఆయన మంచివాడు.
దీపం ఆర్పేవాడు.

వేడి తట్టుకోలేనట్టు లేచి
బయట మంచులో నిలబడ్డాను, చాలాసేపు,
నా ఒంట్లోంచి లేచే ఆవిరిని
నేనే చూసుకుంటూ.

ముదురాకుపచ్చ ఉన్ని. రెండు పొరలు.
గాలికి కదలకుండా అంచులో సీసం గుండ్లు.
మూడు రాత్రులు మిషను కింద చలి కాళ్ళు.
నాలుగో రాత్రి బల్ల మీద పరిచి
కింది అంచు కత్తిరించేటప్పుడు
సుద్దగీత ఒకచోట ఉంది,
కత్తెర జానెడు పైన నడిచింది.
చెయ్యి వణికిందని చెప్పొచ్చు. వణకలేదు.

"కొలత తప్పిందా?" వేలాడదీశాక ఇల్మా వంగి చూసింది.
"ఉన్ని కదా, బరువుకి సాగుతుందిలే."
సాగదు.
ఇన్నేళ్ళుగా కుడుతున్నాను, ఆమాత్రం తెలుసు.

ప్రదర్శన మొదలైన రోజు ఎదురు బెంచీ మీద కూర్చున్నాను,
ఒళ్ళో కోటు, చేతిలో చల్లారిన కాఫీ.
తెర కింద బూట్లు.
తోలువి, రబ్బరువి, మడమ అరిగినవి.
లోపలికి గబగబా వెళ్ళినవి
రెండడుగులకే నెమ్మదించేవి.
పాస్టరుగారి నల్లజోళ్ళు మంచం బొమ్మ దాటి,
వెనక్కొచ్చి, అక్కడే నీళ్ళోడాయి.
ఒక జంట ఎడంగా నిలబడింది. కాసేపటికి ఎడం లేదు.

మూసేవేళకి ఎర్ర లేసుల బూట్లు వచ్చాయి.
వాటిని ఎరుగుదును, ప్రతి శనివారం
నా వాటి పక్కనే విప్పేవి.
ఏ బొమ్మ దగ్గరా ఆగకుండా నడిచి
తలుపు పక్కన, చివరి సిల్వి ముందు ఆగాయి.
కరిగిన మంచు చుట్టూ చిన్న మడుగైంది.

ఇల్మా లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతోంది.
"ఆ ఒక్కటీ ఉంచు," అన్నాను.

కైసు కుడి మడమ
మెల్లగా నేల వదిలింది,
ఇంకాస్త దగ్గరగా చూడ్డానికి.