తాళం పడేలోపు

కారు చేతికి వచ్చేది పద్నాలుగు నెలలకట.
తేల్చుకోవాల్సింది మాత్రం ఈ రాత్రి పన్నెండులోపే.
ఔలు ఊరి షోరూమ్‌లో ఆ కుర్రాడు, వేయిక్కో,
నవ్వుతూనే మూడుసార్లు చెప్పాడు:
"ఆర్డరుకి తాళం పడ్డాక మార్చలేమండీ."

మధ్యాహ్నం మూడింటికే బయట చీకటి.
వంటింటి బల్ల మీద లాప్‌టాప్,
అందులో కొండవీటి చాంతాడంత జాబితా.
"అన్నిటి పక్కనా కూడిక గుర్తే,
తీసివేత ఒక్కటీ లేదు చూశావా" అంటాడు యార్కో,
పడవ ఇంజన్లు విప్పి విప్పి గరుకెక్కిన వేలితో
మౌసుని మెల్లగా, అది నొచ్చుకుంటుందేమో అన్నట్టు నొక్కుతూ.

వెనక కొక్కెం, పడవ బండి లాగడానికి. దీనికి చర్చ లేదు.
స్టీరింగ్‌కి వేడి. ఇక్కడది విలాసం కాదు, చేతి తొడుగు.
చీకట్లో దుప్పిని పసిగట్టే కెమెరా:
పోయిన అక్టోబరులో కెంపెలే మలుపులో
మమ్మల్ని ముందు చూసి ఆగింది దుప్పే.
దాని కళ్లు ఏ కంపెనీవో మరి.
నడుము పిసికే సీటు, పదిహేను వందల యూరోలు.
"అంత పోసి కారు చేత పిసికించుకోవాలా?" అన్నాను.
"నువ్వు పిసకవుగా" అన్నాడు.
వద్దనుకున్నాం. కాసేపు మాట్లాడుకోలేదు కూడా.

గాజు పైకప్పు.
డిసెంబరులో మాకు పగలంటే నాలుగు గంటలు,
అదీ నీళ్లు కలిపిన పాలలాంటిది.
ఏం చూడ్డానికి ఈ అద్దం?
"ఆకుపచ్చ వెలుగులు!" అన్నాడు తొమ్మిదేళ్ల ఏలి,
మొన్న రాత్రి వాటిని చూద్దువు లెమ్మంటే
దుప్పటి తల మీదికి లాక్కున్నవాడే.
పెట్టాం.

మూడో వరుస సీట్లు.
లెక్క తప్పడం ఇక్కడ మొదలైంది.
పద్నాలుగు నెలలకు పిహ్లాకి పద్దెనిమిది నిండుతాయి,
తన లైసెన్సు, తన స్నేహితులు, ఏదో ఒక వేరే ఊరు.
మా అత్తగారు ఎక్కడానికి వీలుగా
కారు తనంతట తాను వంగుతుందట.
ఆవిడ మోకాళ్లు అప్పటికి ఏమంటాయో
చెప్పే గడి లేదు.
కారుకి ఆర్డరిస్తున్నామనుకున్నాం,
కూర్చుని జాతకం రాస్తున్నాం.

ఆ కిందే ఉంది:
కుక్క ముందుకు దూకకుండా ఇనుప జాలి,
మూడు వందల తొంభై.

నువోస్కా నా పాదాల మీద పడుకుని ఉంది.
ఉండ చేస్తే నిలిచే తడి మంచుకి మా భాషలో ఆ పేరు.
తెచ్చిననాడు అలాగే ఉండేది, పిడికెడు తెల్లటి ముద్ద.
ఇప్పుడు పదమూడు దాటాయి.
వెనక కాళ్లు ఈడుస్తోంది,
గడప దగ్గర ఆగి ఆలోచిస్తోంది.
"వేసవి దాకా చూద్దాం" అంది డాక్టరమ్మ.
ఏ వేసవో మేం అడగలేదు.

యార్కో వేలు ఆగిపోయింది.
ఫ్రిజ్ చప్పుడు అప్పుడే మొదలైనట్టు వినబడింది.
దూకకుండా అట.
అది దూకి ఎన్నాళ్లయిందో.

"తర్వాత విడిగా కొనుక్కోవచ్చులే" అని
పేజీ కిందికి జరిపాడు, అవసరం కన్నా గట్టిగా.

సీట్ల తోలు రంగు. లేత బూడిద, తేనె, నలుపు.
నేను తేనె అన్నాను.
చెవుల్లో పాటలతో మెట్ల మీద కూర్చున్న పిహ్లా లేచి వచ్చి,
ఎవర్నీ అడక్కుండా, వేయిక్కోకి ఫోన్ కలిపింది.

"తెల్ల కుక్క ఉందన్నారుగా, నలుపు మాత్రం వద్దండీ.
వెంట్రుకలు కుట్టుల్లోకి దూరిపోతాయి,
ఎంత దులిపినా ఏళ్ల తరబడి బయటికొస్తూనే ఉంటాయి.
మా అక్క కారులో ఇప్పటికీ..." అని
అతను ఎందుకో ఆగాడు.

"నలుపే" అంది పిహ్లా.
లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని
తనే నొక్కింది.

కింది మూలలో మొత్తం
అంగుళం కదల్లేదు.
నలుపుకి అదనంగా ఏమీ లేదట.