రెండు వందల పన్నెండో పాట

పాట అంటారు గానీ
ఇక్కడ ఎవరికీ గొంతు లేదు.
చిటికెన వేలు లేస్తే వంద ఫ్రాంకులు,
కనుబొమ్మ లేస్తే ఇంకో యాభై.
ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను.
దగ్గొచ్చినా నోరు మూసుకునే దగ్గుతాను,
నా దగ్గుని పాటగా లెక్కేసి
ఓ రాణిగారిని నాకే అంటగడతారేమోనని.

నా పని మోయడం.
సావోయ్ కొండలు దిగొచ్చిన మా వాళ్ళందరి పనీ అదే.
పారిస్‌లో బరువున్నదేదైనా
మా భుజాల మీదుగా పోవాల్సిందే.
రాజులూ బరువే.
అందులో సగం పైన చట్రానిది.
మొహాలదేముంది, కాస్త గుడ్డ, కాస్త నూనె.

ఆవిడ మొదటిసారి నా చేతికొచ్చింది
పద్దెనిమిది వందల ఇరవై ఎనిమిది, ఫిబ్రవరిలో.
కేటలాగులో ఒక్క ముక్క:
"ఆస్థానపు స్త్రీ. పేరు తెలియదు. చట్రం బాగుంది."
నీలం పట్టు గౌను, పిండి చల్లిన జుట్టు,
సగం విప్పిన విసనకర్ర,
నవ్వబోయి మానుకున్న పెదవి.
ఆ ఏడు ఆస్థానాలు చవక.
తలలు పోయినవాళ్ళ తలలు
గోదాములో గోడ కట్టినంత ఉండేవి.
పది దగ్గర మొదలైన పాట
పదకొండు దగ్గర ఆగిపోయింది.
పాడుకున్నవాడు అద్దాల వ్యాపారి.
మెట్ల మీదే చట్రం ఊడదీసుకుని
బొమ్మని నా మీదికి తోశాడు:
"పొయ్యిలోకి పనికొస్తుంది, ఉంచుకో."

పొయ్యిలో పెట్టలేదు.
దయ వల్ల కాదు,
మా అటక గది కిటికీ అద్దం పగిలి ఉంది.
కొలిచి చేయించినట్టు సరిపోయింది ఆవిడ.
ఉత్తరపు గాలికి వీపు ఇచ్చి, మా వైపు మొహం పెట్టి
పదకొండు చలికాలాలు నిలబడింది.
నా కూతురు పెర్నెట్‌కి అప్పుడు ఆరేళ్ళు.
సూపు గిన్నె ముందు ఆవిడకి చూపించి
ఆ తర్వాతే తాగేది.
ఉల్లిజడ వేలాడదీయడానికి ఇంకెక్కడా చోటులేక
మా క్లోదిన్ ఓ మేకు కొట్టింది,
సరిగ్గా ఎడమ భుజం కింద, వెనకున్న కిటికీ కొయ్యలోకి దిగేలా.
"క్షమించండి దొరసానీ" అంది, కొట్టేముందు.
ఆ గదిలో ఆ మాట వినపడటం
అదే మొదలు, అదే చివర.

పెర్నెట్ పెళ్ళికి
రెండు దిండు గలేబుల కోసం
పాతగుడ్డల వాడికి ఇచ్చేశాం.
అద్దం బిగించుకున్నాం. వెలుతురొచ్చింది.
గది మునుపటికన్నా చిన్నదిగా కనపడింది.

ఇవాళ పొద్దున, రెండు వందల పన్నెండు.
కొత్త చట్రం, కొత్త వార్నిష్, కొత్త పేరు,
ఎవరో మార్కీజ్ ద వెర్నోలియాన్‌ట.
మోసుకొస్తూ విసనకర్రని గుర్తుపట్టాను,
తర్వాత పెదవిని.
నిపుణుడు మస్యూ ఓబ్రియో
ముట్టుకోకుండా వేలితో చూపించాడు:
"గమనించండి, గుండె పక్కన చిల్లు.
విప్లవ కాలపు బాయొనెట్ పోటు.
కావాలనే మరమ్మతు చేయించలేదు."
హాలంతా నిట్టూర్చింది.
ఓ ముసలి కౌంటు టోపీ తీశాడు.

నాలుగు వేలు. ఆరు.
వేళ్ళు లేస్తున్నాయి.
నేను చట్రం పట్టుకుని నిలబడ్డాను,
ముక్కు ఆ చిల్లుకి జానెడు దూరంలో.
గట్టిగా పీల్చాను.
వార్నిష్, అంతే.
ఉల్లి వాసన అంతకాలం నిలవదు.

చెప్పొచ్చు. ఒక్క మాట.
అది పోటు కాదయ్యా,
పోయిన ఏడు పోయిన నా పెళ్ళాం కొట్టిన మేకు,
కొట్టేముందు క్షమించమని కూడా అడిగింది.
చెబితే ఎంత తగ్గుతుందో లెక్కేశాను.
పదకొండు ఫ్రాంకుల దాకా తగ్గుతుంది.
దగ్గొచ్చింది. మింగేశాను.

ఒకటోసారి. రెండోసారి.
దంతపు సుత్తి చప్పుడు
క్లోదిన్ సుత్తి కన్నా చాలా మెత్తన.

తొమ్మిది వేల రెండు వందలు.
బండి దాకా మోసినందుకు నాకు నలభై సూలు.
దుప్పటి కప్పేముందు
ఎవరూ చూడకుండా
చిల్లు మీద బొటనవేలు పెట్టాను.
అవతలి నుంచి
సన్నగా గాలి తగిలింది.