అనిమిష

కళ్ళలో ఇసుక పడిందనే అనుకున్నాను మొదట.
కాల్గూర్లీలో ఇసుకకేం కొదవ?
తూర్పుగాలి లేచిన రోజు
కిటికీ సందుల్లో, దిండు గలేబు మీద,
పెరుగు గిన్నె మూత మీద కూడా ఎర్రటి దుమ్ము.
చన్నీళ్ళతో కడిగాను. పోలేదు.
లేని నలుసును ఎవరు ఊదుతారు?

పన్నెండు గంటల రాత్రి షిఫ్టు, ఆరు తెరలు.
బంగారు గని అడుగు నుంచి పైకి పాకే ముప్ఫైరెండు లారీలు
నాకు ముప్ఫైరెండు పచ్చ చుక్కలు.
రెప్ప వాలిస్తే ఏ చుక్క ఏ చుక్కను గుద్దుతుందో అని
తొమ్మిదేళ్ళుగా కాపలా.
కంటికి రెప్పలా చూసుకున్నాను లారీలను,
నా కంటికి మాత్రం రెప్ప లేకుండా చేశాను.

తర్వాత నీళ్ళు కారడం మొదలైంది.
షిఫ్టు లీడర్ పదవి ట్రెంట్‌కి వెళ్ళిన వారమే అది.
డారిల్ చప్పుడు చేయకుండా టిష్యూ డబ్బా జరిపాడు,
పక్కన ఒక చాక్లెట్టు.
"ఏడవడం లేదు, కళ్ళు పొడిబారాయట" అన్నాను.
నా చెంపల వైపు చూసి "సరే వకుళా" అన్నాడు,
అబద్ధాన్ని మర్యాదగా ఒప్పుకునే గొంతుతో.
నిజానికి ఆ పదవి కోసం ఒకసారి ఏడుద్దామనే కూర్చున్నాను.
అప్పుడు రాలేదు.

బ్రాన్విన్ టాస్కర్ నారింజరంగు మందు అంటించి
నీలం దీపం వేసి నా కంట్లోకి చూసింది.
"తడిపొర నాలుగు సెకన్లకే చీలిపోతోంది."
మెట్టచేను నెర్రెలిచ్చినట్టా అని అడగబోయాను,
నెర్రెకి ఇంగ్లీషులో అంత లోతు దొరకలేదు.

కరువు ఉప్పునీటికి కాదట, నూనెకి.
రెప్ప అంచున వరసగా సన్నటి నూనెబుడ్లు,
అవి గడ్డకట్టి మూసుకుపోయాయట.
ఊరగాయ మీద నూనె తేలకపోతే ఏమవుతుందో
నాకు ఒకరు చెప్పాలా?
పైపొర లేక తడి ఆవిరైపోతుంటే
కన్ను కంగారుపడి వరద వదులుతుంది.
ఆ వరద నిలవదు, తడపదు, చెంప దాటి పోతుంది.
ఈ ఊరి నీళ్ళే ఈ ఊరివి కావు,
ఐదొందల కిలోమీటర్ల పైచిలుకు గొట్టంలో దాక్కుని వస్తాయి.
మూత విలువ ఇక్కడ కాక ఇంకెక్కడ తెలుస్తుంది?

"నిమిషానికి ఎన్నిసార్లు రెప్ప వేస్తున్నావో లెక్కపెట్టాను.
మూడు. అవీ సగం సగం."
నిమిషమంటేనే రెప్పపాటు అని చెప్పింది
మా బడిలో సుభాషిణి టీచరు.
ఈవిడ లెక్కలో ఒక్కో నిమిషంలో పదిహేను నిమిషాలుండాలి.
రెప్ప వేయనివాళ్ళు అనిమిషులు అని కూడా చెప్పింది టీచరు:
దేవతలూ, చేపలూ.
చేపకేం, నీళ్ళలోనే కాపురం.
దేవతల సంగతే ఇప్పుడు ఆలోచిస్తున్నాను,
యుగాలుగా ఆ మంటతో ఎలా చూస్తున్నారో.
అందుకేనేమో అప్పుడప్పుడు
ఏమీ కనపడనట్టు ఉంటారు.

ఇప్పుడు పొద్దున్నే ఇంటికొచ్చి
పాత మేజోడులో గుప్పెడు సోనామసూరి పోసి ముడేసి
మైక్రోవేవ్‌లో అర నిమిషం.
మణికట్టుకు ఆనించి చూసుకుని
మూసిన కళ్ళ మీద పది నిమిషాలు.
గడియారం నిమిషాలు.
తర్వాత పైరెప్పను కిందికీ కిందిరెప్పను పైకీ
వేలితో మెల్లగా నిమరడం.
మందుచుక్క ఇంకా గురి తప్పి ముక్కు మీదే పడుతుంది.
ఏసీ గాలి ముఖానికి తగలకుండా తిప్పుతాను,
ట్రెంట్ ఉక్కపోస్తోందని మళ్ళీ ఇటు తిప్పుతాడు.
రోజుల్లో తగ్గేది కాదట. నెలలు.
కొన్ని పొద్దుటిపూటలు మళ్ళీ ఇసుకే.

నడిమి తెర మూల పసుపు కాగితం అంటించాను,
తెలుగులో ఒకే మాట: రెప్ప.
చూసినప్పుడల్లా పూర్తిగా మూస్తాను,
పైది కిందిదాన్ని తాకేదాకా.
మొదటి రాత్రి ఎంత భయమో,
ఆ రవ్వంత చీకట్లో ముప్ఫైరెండు లారీలు.
తెరిచేసరికి ఎక్కడివక్కడే పాకుతున్నాయి.
డ్రైవర్లకూ కళ్ళుంటాయని
తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

డారిల్ ఆ కాగితం చూసి
"మీ దేవుడి పేరా?" అన్నాడు గొంతు తగ్గించి.
"కాదు, మా దేవుళ్ళకు చేతకాని పని."
నవ్వలేదు.
"రె... ప్ప" అని కూడబలుక్కుంటూ
కళ్ళు నులుముకున్నాడు. ఎర్రగా ఉన్నాయి.

రేపు ఇంకో మేజోడు వెతకాలి.