అరవై నాలుగు

మిర్చి సీజన్ల ఎనుమాముల గేటు ముందు
రాత్రి పదకొండుకు సుత గాలికి కారం వాసనే.
కాంటా గదిల ఫ్యాను తిరిగితే
కండ్లు మండుతయి, తుమ్ములొస్తయి.
కంప్యూటర్ మాత్రం తుమ్మదు,
తెల్లటి పెట్టె ఒకటి తెరిచి
"కొత్త వెర్షన్ వచ్చింది" అంటది.

దించిన. నూటపన్నెండు ఎంబీ.
మూలకు చిన్న ఆకుపచ్చ టిక్కు:
సంతకం చెల్లుతుంది.
వేలు మౌసు మీదనే ఉంది,
నొక్కలే.

ఆ టిక్కు నాకు కొత్త కాదు.
మా చిన్నాయిన కొన్న పత్తి విత్తనాల ప్యాకెట్టు మీద
హోలోగ్రామ్ ఎండకు గిట్లనే మెరిసింది.
సీలు అసలుదే. బిల్లు అసలుదే. కంపెనీ సుత అసలుదే.
పరకాల దారిల మూడెకరాలు
నడుముదాకా పచ్చగ పెరిగి
ఒక్క కాయ కాయలే.
ఎవరు పంపిండ్రో సీలు చెప్పింది,
ఏం పంపిండ్రో చెప్పలే.

అందుకే మండిబజార్ల జహీరుద్దీన్ భాయికి ఫోన్ చేసిన.
"సంతకం ఎవరి పేరు మీదుందో
అక్షరం అక్షరం చదువు" అన్నడు.
చదివిన. కాంటా కంపెనీ పేరే.
"చివర్ల తోకలేం లేవు గదా?"
లేవు.
"తేది?"
మొన్నటిది.
"ఇగ నువ్వు దించిన చోటు చెప్పే మాట ఇనకు.
కంపెనీ ఇంజినీరు నాకు కాయితం మీద రాసిచ్చిన వరుసుంది.
నీ మిషన్ల లెక్క తీయి. నేను చదువుత."

అరవై నాలుగు గుర్తులు.
అంకెలు, నడుమ నడుమ ఇంగ్లీషు అక్షరాలు,
నోరు తిరగని ఊరి పేరు లెక్క.
నా కండ్లు నీళ్లు కారుతుంటే
హమాలీ ఐలయ్య దగ్గరికి జరిగిండు.
బడి మొఖం చూడని మనిషి.
బస్తా కుట్టు మీద బొటనవేలు రాసి
విప్పి మళ్ల కుట్టిందేదో చీకట్ల పడతడు.
"నువ్వు కాయితం మీద గీయి బిడ్డా,
నేను అద్దం మీద చూస్త" అన్నడు.

భాయి చదువుతడు, నేను రాస్త,
ఐలయ్య వేలు తెర మీద
బియ్యంల రాళ్లు ఏరినట్టు జరుగుతది.
ముప్పై ఒకటో దగ్గర ఆగింది.
"ఇక్కడ కుండ మీద కుండ ఉంది.
నీ కాయితంల వీపు నిటారుగుంది."

గుండె దడేల్మంది.
బయట లారీ హారన్ కొట్టింది.

"తేడా ఒక్కటేనా?" భాయి అడిగిండు.
ఒక్కటే.
నవ్విండు: "లోపల ఒక్క చుక్క మారినా
వరుస మొత్తం ఆనవాలు లేకుండ మారుతది చెల్లె.
ఒక్కటే తప్పిందంటే అది ఫైలు తప్పు కాదు,
నా చత్వారం తప్పు.
ఆగు, అద్దాలు పెట్టుకుంట...
ఎనిమిది. ఎనిమిదే."

ఐలయ్య చివరి గుర్తుదాకా పోయిండు, తొందరపడలే.
"కలిసింది" అన్నడు.
కొంచెం సేపాగి,
"కలిస్తే ఏమైనట్టు?" అన్నడు.

దారిల ఎవడు మూట విప్పలేదన్నట్టు.
కట్టిన చెయ్యి ఇదేనన్నట్టు.
కట్టినోని కడుపుల ఏముందో,
దానికి ఏ సంతకం లేదు.

నర్సంపేట లారీని పాతదాని మీదనే తూచిన.
తర్వాత మూలకున్న దుమ్ము కంప్యూటర్‌కు
నెట్టు వైరు పీకి
కొత్తది అందుల ఎక్కించిన,
కాంటా తీగ దానికి తగిలించిన.
ఐలయ్య చెప్పులిడిచి ఇనుప పలక మీద నిలబడ్డడు.
అరవై కిలోలు.
"పోయిన మిర్చికి సుత అరవయ్యే" అన్నడు,
ఎవరిని మెచ్చుకున్నడో తెల్వదు.

నమ్మిన అని రాయను.
ఇంక నాలుగు లారీలున్నయి,
తీగ మార్చి మార్చి రెండిట్ల తూస్త,
రెండు లెక్కలు పక్కపక్కన రాస్త.
కండ్లు తుడ్సుకోబోయి
వేళ్లు చూసుకొని
ఆగిన.